తక్కువ ఖర్చులో తొలి ఫ్లై ఫిషింగ్ కిట్టు: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

మామూలు గాలం వేయడం తెలిసి, ఫ్లై ఫిషింగ్‌కి (ఈకలూ దారంతో చేసిన తేలికపాటి ఎరతో చేపలు పట్టడానికి) కొత్తయినవాళ్ళు మొదటి ఏడాదంతా ఇబ్బంది లేకుండా వాడుకునే కిట్టు ఒకటి అమర్చాలి. చిన్న నదులు, వాగులు, చెరువులు దీని పరిధి. అరచేతంత చేప నుంచి రెండు కిలోల చేప దాకా సరిపోవాలి. ఉప్పునీటి వేట, సాల్మన్ వంటి పెద్ద చేపలు ఇందులోకి రావు. వాటి సామాను వేరు, బడ్జెట్టు వేరు.

మొత్తం ఖర్చును వందగా అనుకుని పంచిన వాటాలు ఇవి: రాడ్‌కి 35, లైన్‌కి 25, రీల్‌కి 15, లీడర్లు (లైన్ కొసన కట్టే సన్న దారాలు), టిప్పెట్ (లీడర్ చివర అతికించే ఇంకా సన్నటి దారం), ఫ్లైలు అన్నిటికీ కలిపి 15, కళ్ళద్దాలకూ చిన్న పనిముట్లకూ 10. దుకాణంలో అద్దాల బీరువా చూస్తే ఈ వరస తలకిందులుగా ఉంటుంది. మెరిసే రీళ్ళన్నీ కళ్ళెదురుగా, లైన్లేమో ఏ మూలనో అట్టపెట్టెల్లో. డబ్బు పెట్టాల్సింది ఆ అట్టపెట్టెల మీద.

ఎందుకంటే మామూలు గాలంలో బరువంతా ఎరలోనో, సీసపు గుండులోనో ఉంటుంది. అది ఎగిరిపోతూ దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లై అంటే చిన్న హుక్కు, దానికి చుట్టిన దారం, ఒకటి రెండు ఈకలు. ఎంత గట్టిగా విసిరినా రెండు మీటర్లు పోదు. అందుకని బరువును దారంలోనే పెట్టారు. మనం విసిరేది లైన్‌ని. ఫ్లై ఊరికే దాని కొసన ప్రయాణిస్తుంది. నాసిరకం లైన్ వేసిన ఖరీదైన రాడ్ కంటే మంచి లైన్ వేసిన చవక రాడ్ ఎప్పుడూ మెరుగ్గా విసురుతుంది.

మొదటి దశ: నంబరు ఖరారు

రాడ్, లైన్, రీల్ మూడింటి మీదా ఒక నంబరు ఉంటుంది. మూడూ కలవాలి. ఆ నంబరు నిజానికి లైన్ బరువుది. లైన్ మొదటి 30 అడుగులు, అంటే 9.14 మీటర్లు తూచి ఇచ్చే నంబరది. కొసన ఉండే సన్నటి చిన్న ముక్కను లెక్కలోకి తీసుకోరు. కొలత గ్రెయిన్లలో ఉంటుంది. 4వ నంబరుకి 120 గ్రెయిన్లు (7.8 గ్రాములు), 5కి 140 (9.1 గ్రాములు), 6కి 160 (10.4 గ్రాములు), 8కి 210 (13.6 గ్రాములు).

ఈ కిట్టుకి 5 ఖరారు. సైజు 18 చిన్న డ్రై ఫ్లై (నీటి మీద తేలేది) నుంచి సైజు 8 వూలీ బగ్గర్ (నీళ్ళలో లాగే పెద్ద ఫ్లై) దాకా 5 మోస్తుంది. సైజు అంకె పెరిగే కొద్దీ హుక్కు చిన్నదవుతుంది. 4 మీద ఫ్లై ఇంకా మెత్తగా వాలుతుంది కానీ గాలి లేస్తే కొత్తవాళ్ళకి చుక్కలు కనిపిస్తాయి. గాలి ఎక్కువగా ఉండే చెరువుల్లో, పెద్ద ఫ్లైలతో బాస్ లాంటి చేపల కోసమే వెళ్ళేవాళ్ళు మాత్రం 6 తీసుకోవాలి. అక్కడ 5 తీసుకుని సర్దుకుందామనుకుంటే గట్టిగా విసరడం అలవాటై విసురు పాడవుతుంది.

దీనికంటే చవకైన దారి ఒకటుంది. చేతికందేంత వెడల్పు వాగుల్లోనే పట్టేవాళ్ళకి జపాన్ పద్ధతి తెంకారా చాలు. ఒకదానిలోకి ఒకటి దూరే సుమారు 3.6 మీటర్ల రాడ్, కొసకి కట్టిన లైన్, టిప్పెట్, అంతే. రీల్ లేదు, గైడ్లు (రాడ్ వెంట లైన్ దూరే రింగులు) లేవు. రాడ్ పొడవూ లైన్ పొడవూ కలిపి ఎంతో అంతవరకే అందుతుంది, పెద్ద చేప పడితే వదలడానికి అదనపు దారం ఉండదు. చెరువులు కూడా పరిధిలో ఉన్నాయి కాబట్టి ఈ ప్రాజెక్టుకి అది పనికిరాలేదు.

రెండో దశ: రాడ్

ఖరారైంది 9 అడుగుల, 5వ నంబరు, నాలుగు ముక్కల గ్రాఫైట్ రాడ్, మీడియం ఫాస్ట్ యాక్షన్. చాలా కంపెనీల రాడ్‌ల మీద దీన్ని 905-4 అని వేస్తారు. 9 అడుగుల 0 అంగుళాలు, 5వ నంబరు, 4 ముక్కలు అని అర్థం.

యాక్షన్ అంటే రాడ్ ఎక్కడ వంగుతుందనే. ఫాస్ట్ రాడ్ కొస దగ్గర మాత్రమే వంగుతుంది. దూరం విసరడానికి మంచిదే కానీ బయట లైన్ తక్కువగా ఉన్నప్పుడు అసలు వంగినట్టే తెలియదు, కొత్తవాళ్ళ చేతికి కర్ర ఊపినట్టు ఉంటుంది. స్లో రాడ్ పిడి దాకా వంగుతుంది, ఫైబర్‌గ్లాస్ రాడ్లు ఎక్కువగా ఇలాంటివే. దగ్గరి విసురుకి హాయి, గాలిలో కష్టం. మీడియం ఫాస్ట్‌లో రాడ్ పై సగం వంగుతుంది. లైన్ బరువు ఎప్పుడు రాడ్ మీద పడిందో చేతికి తెలుస్తుంది, నేర్చుకునేటప్పుడు కావాల్సింది అదే.

చవక రాడ్ చేతికి తీసుకున్నప్పుడు చూడాల్సినవి కొన్నున్నాయి. ముక్కలన్నీ కలిపి, పిడి వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే గైడ్లన్నీ ఒకే గీత మీద ఉండాలి. గైడ్ల సంఖ్యకి పాత లెక్క ఒకటుంది: రాడ్ ఎన్ని అడుగులో అన్ని, మీద ఇంకొకటి. 9 అడుగుల రాడ్‌కి కొసదానితో కలిపి 10 దాకా ఉండాలి. ఏడెనిమిదే ఉంటే గైడ్ల మధ్య లైన్ వేలాడి రాడ్‌కి తగులుతుంది, విసురు మందగిస్తుంది. తర్వాత అతుకులు. ముక్కలు కలిపి మెల్లగా ఊపితే టక్కుమనే చప్పుడు రాకూడదు. చప్పుడొస్తే అతుకు వదులు, వాడే కొద్దీ అక్కడే పగులుతుంది. పిడికి వాడిన కార్క్‌లో గుంటలు పూడ్చిన మడ్డి ఎక్కువ ఉంటే కొంత కాలానికి అది రాలి గుంటలు బయటపడతాయి. చూపుకే నష్టం, వాడకానికి కాదు. ఆ కారణంగా ధర తగ్గితే సంతోషంగా తీసుకోవచ్చు.

సెకండ్‌హ్యాండ్ రాడ్ అయితే టేపు వెంట ఉండాలి. 9 అడుగులంటే 274 సెంటీమీటర్లు. రెండు మూడు సెంటీమీటర్లు తగ్గిందంటే కొస విరిగితే కొత్త గైడ్ అతికించారని అర్థం. నాలుగు ముక్కలూ దాదాపు ఒకే పొడవుండాలి, ఒకటి పొట్టిగా ఉంటే అదే విరిగిన ముక్క. ప్రతి గైడ్ లోపలా కాస్త దూది పెట్టి తిప్పాలి. పోగు చిక్కితే అక్కడ గీత పడింది, ఆ గీత లైన్ పైపూతను కోసేస్తుంది. కొత్త రాడ్ కొనేటప్పుడు ముక్క విరిగితే విడిగా ఆ ఒక్క ముక్క దొరుకుతుందా అన్నది అడగాల్సిన మొదటి ప్రశ్న. రాడ్లు చేప వల్ల విరిగేది తక్కువ, కారు తలుపు వల్లా ఫ్యాను రెక్క వల్లా విరిగేవే ఎక్కువ.

ముక్కలు కలిపే పద్ధతి కూడా ఇక్కడే రాసుకోవడం మంచిది. గైడ్లు పావు వంతు పక్కకి ఉండేలా పట్టుకుని లోపలికి తోస్తూ తిప్పి వరసలోకి తేవాలి. విప్పేటప్పుడు మెలి తిప్పకుండా నేరుగా లాగాలి. బిగుసుకుంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ప్రతి ఒక్కరూ అతుకుకి చెరో పక్కా ఒక చెయ్యి వేసి, ఒకేసారి లాగాలి. గైడ్లు పట్టుకుని తిప్పారో, అవి ఊడిపోతాయి.

మూడో దశ: లైన్

కొన్నది తేలే లైన్, ముందు భాగం బరువైనది, 5వ నంబరు. డబ్బా మీద డబ్ల్యూఎఫ్5ఎఫ్ అని ఉంటుంది. మొదటి రెండక్షరాలు ఆకారం, అంకె బరువు, చివరి అక్షరం తేలేదని చెప్పేది. చివర ఎస్ ఉంటే మునిగే లైన్. పొరపాటున అది కొంటే డ్రై ఫ్లైకి పనికిరాదు, నీళ్ళలోంచి ఎత్తడమే కష్టం.

డీటీ అనే ఇంకో ఆకారం ఉంది. రెండు కొసలూ సన్నగా, నడుమంతా ఒకే లావుగా ఉంటుంది. ఒక కొస అరిగితే తిప్పి రెండో కొస వాడుకోవచ్చు, ఒక ధరకి రెండు లైన్లన్నమాట. పది పన్నెండు మీటర్లలోపే విసిరేవాళ్ళకి డబ్ల్యూఎఫ్‌కీ దీనికీ తేడా తెలిసేది తక్కువ. రీల్ మీద చోటు మాత్రం ఎక్కువ తీసుకుంటుంది. చెరువు మీద దూరం విసరాల్సి రావచ్చు కనుక ఇక్కడ డబ్ల్యూఎఫ్ నిలిచింది. వాగులకే పోయేవాళ్ళు డీటీ కొంటే నష్టమేమీ లేదు.

బాగా చవక లైన్లలో రెండు జబ్బులు కనిపిస్తాయి. ఒకటి చుట్ట గుర్తు. రీల్ మీది నుంచి తీశాక స్ప్రింగులా చుట్టలు చుట్టలుగానే ఉండిపోతుంది, గైడ్లలో సాగదు. చేతులతో అర మీటరు చొప్పున పట్టుకుని మెల్లగా సాగదీస్తే మంచి లైన్ నిటారుగా నిలుస్తుంది. చవకది మళ్ళీ ముడుచుకుంటుంది. రెండోది బరువు తప్పడం. డబ్బా మీద 5 అని ఉంటుంది, లోపల ఏముందో తూస్తేగానీ తెలియదు.

తూచడం కష్టం కాదు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న డిజిటల్ త్రాసు చాలు. కొసన సన్నటి సమ భాగం పదిహేను సెంటీమీటర్ల దాకా ఉంటుంది, దాన్ని వదిలి అక్కణ్ణుంచి 9.14 మీటర్లు కొలిచి గుర్తు పెట్టాలి. ఆ భాగాన్ని చుట్టగా చుట్టి త్రాసు మీద పెట్టి, మిగతా లైన్‌ని అదే ఎత్తులో పక్కనున్న గిన్నెలో ఉంచాలి. కింద వేలాడితే అది కూడా తూగి లెక్క తప్పుతుంది. 5వ నంబరుకి ప్రమాణంలో 134 నుంచి 146 గ్రెయిన్ల దాకా, అంటే 8.7 నుంచి 9.5 గ్రాముల దాకా అనుమతి ఉంది. ఈ రోజుల్లో చాలా లైన్లను కావాలనే అర నంబరు బరువుగా చేస్తారు. ఫాస్ట్ రాడ్లు వంగడానికి అది సాయం చేస్తుంది. కాబట్టి 9.8 వచ్చినా కంగారు అక్కర్లేదు. 8 లోపు వచ్చిందంటే అది 4వ నంబరు లైన్, 10.4 వచ్చిందంటే 6. డబ్బా తిరిగి ఇచ్చేయడమే.

రాడ్, రీల్, లైన్ కలిపి అమ్మే సెట్లు కూడా పరిశీలించడం జరిగింది. విడిగా కొనేదానికంటే చవకే, రాడ్ కూడా చాలాసార్లు బాగానే ఉంటుంది. వాళ్ళు మిగిలించుకునేది లైన్ దగ్గరే. సెట్ కొన్నా కొద్ది నెలల్లో లైన్ మార్చాలనుకుని ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకుంటే సెట్ మంచి బేరం.

నాలుగో దశ: రీల్, బ్యాకింగ్ ఎక్కించడం

5వ నంబరుకి రీల్ అంటే లైన్ దాచే డబ్బా. అరచేతంత చేపల్ని రీల్ తిప్పి తేరు, లైన్ చేత్తో లాగే తెస్తారు. అందుకే పోతపోసిన అల్యూమినియం రీలో, గట్టి ప్లాస్టిక్ రీలో చాలు. స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) ఊగకూడదు, ఫ్రేముకీ స్పూల్‌కీ మధ్య సందులో సన్నటి లీడర్ దూరేంత ఖాళీ ఉండకూడదు, డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని పట్టి ఉంచే బ్రేకు) తిప్పితే జర్కులు లేకుండా సమంగా వదలాలి. ఇవి మూడూ ఉంటే సరే. స్పూల్ నడిమి బొడ్డు పెద్దదిగా ఉంటే లైన్‌కి చుట్ట గుర్తు తక్కువ పడుతుంది, ఒక్కో తిప్పుకి ఎక్కువ లైన్ చుట్టుకుంటుంది. డ్రాగ్‌కి సీలు వేశారా లేదా అన్నది ఉప్పునీళ్ళలో దిగేవాళ్ళ బాధ.

బ్యాకింగ్ అంటే ఫ్లై లైన్ వెనక, స్పూల్ మీద ముందుగా చుట్టే అదనపు దారం. ఇక్కడ 20 పౌండ్ల బలమున్న డాక్రాన్ (అల్లిన పాలిస్టర్ దారం). ఈ తరగతి రీల్‌కి సుమారు 90 మీటర్లు పడుతుంది. ఇంట్లో ఉన్న మామూలు నైలాన్ దారం చుట్టేద్దామనిపిస్తుంది. అది వద్దు. నైలాన్ బిగువులో సాగి చుట్టుకుని, తర్వాత ముడుచుకోబోయి స్పూల్‌ని నొక్కుతుంది. పలుచటి స్పూల్ వంకరపోతుంది.

ఎంత బ్యాకింగ్ పడుతుందో కచ్చితంగా తెలుసుకునే పద్ధతి కాస్త తిరకాసుదే కానీ ఒక్కసారి చేస్తే చాలు. ముందు ఖాళీ స్పూల్ మీద ఫ్లై లైన్‌ని, సన్నటి కొస లోపలికి వెళ్ళేలా చుట్టాలి. దాని వెనక కొసకి బ్యాకింగ్ తాత్కాలికంగా కట్టి, స్పూల్ అంచుకి ఆరు మిల్లీమీటర్లు తక్కువగా వచ్చేదాకా చుట్టి కత్తిరించాలి. ఇప్పుడు అంతా బయటికి తీసి, బ్యాకింగ్ కొసను స్పూల్‌కి కట్టి, అదే బిగువుతో మళ్ళీ ఎక్కించాలి. అంచుదాకా నింపితే చేప పడ్డాక గబగబా చుట్టినప్పుడు లైన్ ఒక పక్క గుట్టగా పేరి ఫ్రేముకి పట్టేస్తుంది.

స్పూల్‌కి ఆర్బర్ ముడి. దారాన్ని బొడ్డు చుట్టూ తిప్పి, కొసతో పొడుగు దారం చుట్టూ ఒక మామూలు ముడి, కొస చివరన ఇంకో ముడి వేసి లాగితే రెండోది మొదటిదాని దగ్గర ఆగిపోతుంది. నున్నటి స్పూల్ మీద ముడి జారి గిరగిరా తిరుగుతుంటే బొడ్డు మీద చిన్న టేపు ముక్క అంటించాలి. బ్యాకింగ్‌కీ లైన్‌కీ నెయిల్ ముడి. ఖాళీ పెన్ను రీఫిల్ ముక్క లైన్ పక్కన పెట్టి, రెండింటినీ కలిపి బ్యాకింగ్‌ని ఆరు చుట్లు చుట్టి, కొసను రీఫిల్ లోంచి వెనక్కి తెచ్చి, రీఫిల్ మెల్లగా జారవిడిచి బిగించాలి. గైడ్లలోంచి గుంజి చూసినప్పుడు ముడి టకటకమనకుండా పోవాలి.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. లైన్‌ని తిరగేసి ఎక్కించడం మొదటిది. డబ్బాలో ఈ కొస రీల్‌కి అని చీటీ అంటించి ఉంటుంది, దాన్ని పీకి పారేశాక ఏ కొస ఏదో తెలియదు. తిరగబడితే బరువంతా లోపల, సన్నటి తోక బయట, ఎంత విసిరినా ముందుకు పోదు. రెండోది లైన్ డబ్బా చట్రాన్ని కదలకుండా పెట్టి పక్క నుంచి లాగడం. ప్రతి చుట్టుకీ ఒక మెలి పడుతుంది. చట్రంలో పెన్సిల్ దూర్చి, ఎవరినైనా పట్టుకోమని, అది తిరుగుతూ వదిలేలా చూడాలి. మూడోది చెయ్యి. రాడ్ కుడిచేత్తో పట్టుకునేవాళ్ళలో చాలామంది రీల్ ఎడమచేత్తో తిప్పుతారు. అందుకు తగ్గట్టు డ్రాగ్ దిశ మార్చుకున్నాకే లైన్ ఎక్కించాలి. లైన్ ఎప్పుడూ రీల్ అడుగు నుంచి బయటికి రావాలి.

ఐదో దశ: లీడర్

కొత్తవాళ్ళు డబ్బు ఎక్కువ పారేసుకునేది ఇక్కడే. లీడర్ అంటే లైన్ కొసకి కట్టే, లావు నుంచి సన్నానికి దిగే దారం. విసురులో ఉన్న ఊపును మెల్లగా ఫ్లై దాకా తీసుకుపోయేది అదే. ఫ్లై మార్చిన ప్రతిసారీ కొస నుంచి పది సెంటీమీటర్లు తెగుతుంది. కొన్నాళ్ళకి లావు భాగం వచ్చేస్తుంది, మొత్తం లీడర్ పారేసి కొత్తది కొంటారు. అలా కాకుండా కొసన టిప్పెట్ అతికించుకుంటూ పోతే ఒక లీడర్ చాలా కాలం వస్తుంది.

దారం మందానికి ఎక్స్ లెక్క ఉంటుంది. 11 లోంచి ఎక్స్ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 5ఎక్స్ అంటే 0.006 అంగుళం, 0.15 మిల్లీమీటరు. 3ఎక్స్ అంటే 0.008 అంగుళం, 0.20 మిల్లీమీటరు. ఫ్లై సైజును 3తో భాగిస్తే ఏ ఎక్స్ కావాలో సుమారుగా తెలుస్తుంది. సైజు 12కి 4ఎక్స్, సైజు 15, 16లకి 5ఎక్స్. లావు టిప్పెట్‌కి చిన్న ఫ్లై కడితే అది నీళ్ళమీద బిర్రబిగుసుకుని నడుస్తుంది. సన్న టిప్పెట్‌కి పెద్ద ఫ్లై కడితే గాలిలో మెలికపడి తెగుతుంది.

కొన్న లీడర్లు రెండు కిట్టులో ఉన్నాయి, 9 అడుగులవి, 4ఎక్స్, 5ఎక్స్ ఒక్కొక్కటి. మిగతావి ఇంట్లోనే కట్టడం. మొదటి మూడు ముక్కలకి గట్టిదనమున్న నైలాన్ కావాలి, మెత్తటిది అయితే ఊపు అక్కడే చచ్చిపోతుంది. లావు 60, నడుమ 20, కొస 20 శాతం అన్న పాత సూత్రానికి దగ్గరగా ఈ కొలతలు:

0.50 మిల్లీమీటర్లు – 90 సెంటీమీటర్లు
0.45 – 40
0.40 – 30
0.35 – 20
0.30 – 20
0.25 – 20
0.20 – 50

మొత్తం 270 సెంటీమీటర్లు, అంటే దాదాపు 9 అడుగులు. ఇవి ముడులు పడ్డాక ఉండాల్సిన పొడవులు. కోసేటప్పుడు ప్రతి ముక్కకీ పది సెంటీమీటర్లు అదనం. ముక్కల్ని కలపడానికి బ్లడ్ ముడి, ఒక్కో వైపు లావు దారాలకి నాలుగు చుట్లు, సన్నవాటికి ఐదు. పక్కపక్క ముక్కల మధ్య తేడా 0.05 మిల్లీమీటర్లు దాటితే ఈ ముడి జారుతుంది, మధ్యలో లావు ఒకటి దాటేసి కట్టే తొందర పనికిరాదు. 0.20 కొస 3ఎక్స్‌తో సమానం, సైజు 8, 10 ఫ్లైలకి నేరుగా సరిపోతుంది. చిన్న డ్రై ఫ్లైకైతే దానికి 0.15 దారం 50 సెంటీమీటర్లు సర్జన్ ముడితో అతికించాలి.

ప్రతి ముడినీ బిగించే ముందు ఉమ్మితోనో నీళ్ళతోనో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ కాలి, పైకి బాగానే కనిపిస్తూ చేప పడ్డప్పుడు ముడి దగ్గర తెగుతుంది. తెగిన కొస పిగ్‌టెయిల్‌లా ముడుచుకుని ఉంటే ముడి జారిందని, నిటారుగా ఉంటే దారం తెగిందని గుర్తు. మొదటిదానికి చుట్లు పెంచాలి, రెండోదానికి టిప్పెట్ మార్చాలి.

లైన్ కొసకి ఇప్పటికే ఉంగరంలా లూప్ అతికించి వస్తుంది. లీడర్ లావు వైపు పర్ఫెక్షన్ లూప్ కట్టి రెండింటినీ ఒకదానిలో ఒకటి వేయాలి. రెండూ సమంగా కొక్కీ వేసుకున్నట్టు కూర్చోవాలి. ఒకటి రెండోదాని మెడకి ఉరిలా పడితే లైన్ లూప్ పైపూత కోసుకుపోతుంది.

ఫ్లోరోకార్బన్ ఈ కిట్టులో లేదు. నైలాన్ కంటే ఖరీదు, మునుగుతుంది కాబట్టి డ్రై ఫ్లైకి సాయం చేయదు.

ఆరో దశ: ఫ్లైలు

డబ్బా నిండా రంగురంగుల ఫ్లైలు కొనే సరదా ఇప్పుడొద్దు. ఐదు రకాలు, ఒక్కోటి మూడు: పారాషూట్ ఆడమ్స్ సైజు 14, ఎల్క్ హెయిర్ కాడిస్ 14, ఫెజంట్ టెయిల్ నింఫ్ 16, పూస తల హేర్స్ ఇయర్ 12, నల్ల వూలీ బగ్గర్ 8. మొదటి రెండూ నీటి మీద తేలేవి, తర్వాతి రెండూ మునిగేవి, చివరిది లాగుతూ చిన్న చేపలానో జలగలానో ఆడించేది. మూడు ఎందుకంటే ఒకటి చెట్టుకి, ఒకటి రాయికి, ఒకటి చేపకి.

సొంతంగా ఫ్లైలు కట్టుకుంటే చవక అని అందరూ అంటారు. మొదటి ఏడాది అది నిజం కాదు. బిగింపు పరికరం, దారం, ఈకలు, హుక్కులు కొనేసరికి చాలా ఫ్లైల ధర అయిపోతుంది. ఆ దారిలో వెళ్ళాలనుకున్నవాళ్ళకి ఇంగ్లండ్‌లో నది కాపరిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ చేసిన అసలు ఫెజంట్ టెయిల్ నింఫ్ మంచి మొదలు. దానికి ఫెజంట్ అనే పక్షి తోక ఈక పోగులు, సన్న రాగి తీగ, ఈ రెండే సామగ్రి. తీగే బరువూ అవుతుంది, కట్టే దారమూ అవుతుంది.

అన్ని హుక్కుల ఎదురు ముళ్ళూ చిన్న పట్టకారుతో నొక్కేయాలి. చేపని వదలడం తేలిక, మన చెవిలోంచి తీయడం ఇంకా తేలిక.

ఏడో దశ: గడ్డి మీద పరీక్ష

నీళ్ళ దగ్గరికి వెళ్ళే ముందు కిట్టు మొత్తాన్ని గడ్డి మైదానంలో పరీక్షించాలి. ఫ్లై బదులు సెంటీమీటరు ఎర్ర ఉన్ని పోగు. సిమెంటు నేల మీదో, తారు రోడ్డు మీదో వద్దు, ఒక్క సాయంత్రానికే లైన్ పైపూత గరుకుపోతుంది. కళ్ళద్దాలు ఇక్కడా పెట్టుకోవాలి. గైడ్ల బయట ఎనిమిది, తొమ్మిది మీటర్ల లైన్ ఉంటేనే రాడ్ మీద సరైన బరువు పడుతుంది. మూడు మీటర్లతో ఊపి రాడ్ బాగోలేదనడం అన్యాయం.

సామాను తప్పా, చేతి తప్పా తేల్చుకోవడమే ఈ దశ ఉద్దేశం. వెనక్కి విసిరిన లైన్ నేలకి తగిలితే మణికట్టు ఎక్కువ వంగి రాడ్ మరీ వెనక్కి పోతోంది. రాడ్‌ని గడియారం ముల్లు అనుకుంటే ఒంటిగంట దగ్గర ఆగాలి. కొరడా చప్పుడు వస్తే వెనక లైన్ పూర్తిగా విచ్చుకోకముందే ముందుకు లాగుతున్నారు. అక్కడ నిజం ఫ్లై ఉంటే తెగిపోయి ఉండేది. లీడర్‌లో వాటంతటవే ముడులు పడుతుంటే ముందుకు విసిరేటప్పుడు మొదట్లోనే కుదుపు ఇస్తున్నారు. బలం క్రమంగా పెంచి చివర్లో ఆపాలి. ఆ ముడి ఒక్కటి ఉంటే టిప్పెట్ బలం సగం దాకా పడిపోవచ్చు, కనిపించగానే కోసి కొత్తది కట్టాలి. ఈ తప్పులన్నీ చేతివి.

లైన్ విచ్చుకున్నా లీడర్ కుప్పగా పడితే అది సామాను తప్పు కావచ్చు. లీడర్ లావు భాగం మరీ మెత్తగానో, సన్నగానో ఉంది. అలాగే గైడ్లలో లైన్ గరగరమంటే గైడ్‌లో గీత ఉందో, లైన్ మురికిగా ఉందో చూడాలి.

పూస తల ఫ్లైలతో ఒక ప్రమాదం ఉంది. విసురు కిందికి దిగి పూస రాడ్‌కి తగిలితే గ్రాఫైట్‌లో కంటికి కనిపించని దెబ్బ పడుతుంది. అప్పుడేమీ కాదు. ఎప్పుడో చిన్న చేప పడ్డప్పుడు అక్కడ విరుగుతుంది, అందరూ చేపని తిట్టుకుంటారు. బరువు ఫ్లైతో విసురు నెమ్మదిగా, రాడ్ కాస్త పక్కకి వంచి వేయాలి.

చిన్న సామాను

పోలరైజ్డ్ కళ్ళద్దాలు తప్పనిసరి, నీటి మెరుపు తగ్గి అడుగు కనిపిస్తుంది, హుక్కు కంట్లో పడదు. దారం కోయడానికి నెయిల్ కట్టర్ చాలు. హుక్కు తీయడానికి మొన సన్నటి పట్టకారు. డ్రై ఫ్లైకి రాసే తేలుడు మందు ఒక చిన్న సీసా, సీసం లేని చిన్న గుండ్లు కొన్ని, రబ్బరు వల. చొక్కా జేబులు సరిపోతున్నంతకాలం జాకెట్టు అక్కర్లేదు.

వేడర్లు (నీళ్ళలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంట్లు) వాయిదా. నీళ్ళు చల్లగా లేని కాలంలో పాత బూట్లతో దిగొచ్చు. బూటు అడుగుకి ఫెల్ట్ (దట్టంగా నొక్కిన ఉన్నిలాంటి గుడ్డ) ఉన్నవి కొనొద్దు. తడి పట్టి ఉండి ఒక నీటి పాచిని ఇంకో నీళ్ళలోకి మోస్తాయి. న్యూజిలాండ్ లాంటి చోట్ల వాటిని నిషేధించారు కూడా. ఏ నీళ్ళలో దిగేముందైనా అక్కడి లైసెన్సు, హుక్కు నిబంధనలు చూసుకోవాలి.

వాడకం మొదలయ్యాక

లైన్‌ని పాడుచేసేది నీళ్ళకంటే మన చేతులు. దోమల మందులోని డీట్, సన్‌స్క్రీన్, పెట్రోలు పీవీసీ పైపూతను మెత్తబరుస్తాయి. ముందు రాసుకుని, చేతులు కడుక్కుని తర్వాత లైన్ ముట్టుకోవాలి. తేలే లైన్ కొస మునుగుతుంటే చాలావరకు అది మురికే. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల మెత్తటి సబ్బు వేసి, గుడ్డతో తుడిచి, మంచినీళ్ళలో ముంచి నీడలో ఆరబెడితే మళ్ళీ తేలుతుంది. కడిగాక కూడా మునిగితే లైన్‌ని వేలి మీద వంచి చూడాలి. వృత్తాకారపు పగుళ్ళు కనిపిస్తే నీరు లోపలికి పోతోంది. పగుళ్ళు మొదటి ఒకటి రెండు అడుగుల్లోనే ఉంటే ఆ ముక్క కోసి కొత్త లూప్ కట్టుకోవచ్చు, అంతకుమించితే లైన్ మార్చాలి.

తడి రాడ్‌ని గొట్టంలో పెట్టి మూత వేస్తే కార్క్ బూజు పడుతుంది, గైడ్ల కాళ్ళ దగ్గర తుప్పు మొదలవుతుంది. రీల్‌ని ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. టిప్పెట్ స్పూల్ మీద కొన్న నెల, ఏడాది రాసి పెట్టుకోవాలి. ఎండకి నైలాన్ బలం తగ్గుతుంది. ఏడాది దాటిన సన్న టిప్పెట్‌తో ముడి కట్టి గుంజి చూసి, తేలిగ్గా తెగితే పారేయాలి.

తర్వాత కొనాల్సిన వాటిలో మొదటిది ఇంకో స్పూల్ టిప్పెట్, రెండోది పోగొట్టుకున్న ఫ్లైలకి బదులు. మునిగే లైన్, దానికో అదనపు స్పూల్ లోతైన చెరువుల్లో పట్టడం మొదలుపెట్టాకే. రీల్ మార్చే ఆలోచన జాబితాలో లేదు.